దారి లేని చోట బండి నడుపుట: మేము పడిన పాట్లు, నేర్చిన పాఠములు



తొలకరి సమీపించుచున్నది. ఈ మాసపు పత్రికకు విత్తనశుద్ధిని గుఱించి వ్రాయవలెనని మేము తలచియుంటిమి. కాని గడచిన సంఘ సమావేశమున ఒక సభ్యుడు లేచి, "అయ్యా, విత్తనము సంగతి మాకును కొంత తెలియును. ట్రాక్టరు మడిలో దిగబడినపుడు ఏమి చేయవలెనో మాత్రము ఇంతవఱకు ఎవరును చెప్పలేదు" అనెను. సభలోనివారందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. ఇంటికి వచ్చి ఆలోచింపగా అది నవ్వి విడువదగిన మాట కాదని తోచెను. విత్తనము చెడినచో ఒక పంట పోవును. ట్రాక్టరు తలక్రిందులైనచో ఇంటికి ఆధారమైన మనుష్యుడే పోవును.

పూర్వము మన పొలములకు ఎడ్లబండి తప్ప వేఱొక బండి పోయెడిది కాదు. ఎద్దునకు తనదైన తెలివి కలదు. కాలు దిగు చోటు కనబడగానే అది నిలిచిపోవును, కొట్టినను కదలదు. నేడు ట్రాక్టర్లు, జీపులు, చిన్న లారీలు డొంకలలోనికిని, కాలువగట్ల మీదికిని, ఏటి యిసుకలోనికిని పోవుచున్నవి. ఇంజనునకు బలము కలదు గాని తెలివి లేదు. నడుపువాని తెలివియే దానికి తెలివి. ఆ తెలివి తగినంత లేకపోవుటచే మేము మా యుద్యోగ కాలములో పలుమారులు నలుగురిలో నవ్వులపాలైతిమి.

మేము బాల్యమున మిషను బడిలో చదువుకొంటిమి. అచ్చటి ఉపాధ్యాయులొకరు తప్పు చేసిన బాలుని కొట్టెడివారు కారు. తరగతి యెదుట నిలువబెట్టి, "ఏమి చేసితివో, ఎందుకు చేసితివో నీవే చెప్పుము" అనెడివారు. బెత్తము దెబ్బకంటె అది కఠినముగా నుండెడిది. కాని అట్లు చెప్పుకొన్న తప్పును మరల చేసినవారు తక్కువ. ఆ పద్ధతి ననుసరించి నేడు మీ యెదుట నిలిచి మా తప్పులను మేమే చెప్పుకొనుచున్నాము. మీరు నవ్వుకొనుడు, కాని ప్రతి కథ వెనుకనున్న కారణమును గూడ గ్రహింపుడు.

1. రేగడి డొంక

ఉద్యోగమున చేరిన క్రొత్తలో మేము గుంటూరు ప్రాంతపు నల్లరేగడి పల్లెలలో తిరుగుచుంటిమి. ఒకనాడు ప్రత్తి చేలలో పురుగు నివారణ విధానమును చూపవలసి యుండగా, ముందటి రాత్రి ఒక వాన కురిసెను. ఊరి పెద్దలు, "ఈ పూట డొంకలో బండి పోదు. మైలు దూరమే గదా, నడచి పోదము" అనిరి. మా జీపు నాలుగు చక్రములకును ఇంజను బలము అందునట్టిది. ఆ గర్వముచేత వారి మాట వినకపోవుటయే గాక, వారినే జీపులో ఎక్కించుకొని బయలుదేఱితిమి.

రెండు ఫర్లాంగులు బాగుగనే సాగినది. పిమ్మట చక్రములు జాఱసాగెను. పెద్దలు దిగి వెనుకనుండి త్రోసిరి. వారు త్రోయుచుండగా ఊరకుండుట సిగ్గనిపించి మేము యాక్సిలరేటరును గట్టిగా త్రొక్కితిమి. చక్రములు గిఱ్ఱున తిరిగెను. బురద లేచి వారి తెల్లని పంచెలనిండ పడెను. బండి మాత్రము ముందునకు పోక ఇరుసువఱకు క్రిందికి దిగెను.

అపుడు వారిలో నొక వృద్ధుడు ముఖము తుడుచుకొని, "బాబూ, ముందు మీరు దిగండి. ఎడ్లబండి దిగబడితే మేము చర్నాకోల పట్టుకోము. దిగి చక్రం చూస్తాము" అనెను. మేము ఇంతవఱకు చదివిన పుస్తకములలో ఈ విషయమున ఇంతకంటె మంచి మాట లేదు.

దిగి చూడగా సంగతి బోధపడినది. రేగడి మట్టిలోని బంకరేణువులు నీటిని పీల్చి ఉబ్బును. ఆ మట్టి టైరు గాళ్లలో చేరి వానిని పూడ్చివేయును. అంతట టైరు నున్నని రోకలివంటి దగును. దానికి నేల పట్టు చిక్కదు. అది ఎంత వేగముగా తిరిగిన నేల అంత నునుపగును, గుంట అంత లోతగును. నాలుగు చక్రములకు బలమున్నంత మాత్రమున ఈ స్థితి మాఱదు. రెండు చక్రముల బండి యైనచో డొంక మొదటనే ఆగియుండును. మేము నాలుగు చక్రముల బలమున ఊరికి మఱికొంత దూరమై ఆగితిమి. అంతియే భేదము.

ఆ వృద్ధుడు చేసిన పని యిది. చక్రముల ముందు మట్టిని పారతో వాలుగా తీయించెను. టైరు గాళ్లలోని బురదను కఱ్ఱతో గీకించెను. చక్రముల క్రింద ప్రత్తి కట్టెను, దానిపై గోనెలను పఱపించెను. ముందు చక్రములను తిన్నగా నుంచుమనెను. రెండు జతల ఎడ్లను మోకుతో కట్టి, అవి అడుగు వేయునపుడు మాత్రమే బండిని మెల్లగా కదలింపుమనెను. బండి పైకి వచ్చినది. ఇంజనుతో ఎడ్లకు సెలవిత్తమని చెప్పుటకు పోయిన మేము ఎడ్లవెనుక ఊరు చేరితిమి. ఓడలు బండ్లగుట, బండ్లు ఓడలగుట యన నిదియే.

పాఠము: చక్రము ఒకమారు ఊరక తిరిగి, బండి కదలనిచో, రెండవమారు త్రొక్కకుడు. దిగుడు. వాన వెలసిన తరువాత రేగడి డొంకకు ఎండ తగులనిండు. ఒకపూట నడచుట ఒకనాటి పని చెడుటకంటె మేలు.

2. లంక యిసుక

కృష్ణా నదిలోని లంక పొలములకు వేసవిలో ఇసుకమీదుగా పోవలసి యుండును. ఇసుకలో పోవునపుడు టైర్లలో కొంత గాలి తీయవలెనని మేము చదివియుంటిమి. అది నిజమే. గాలి తగ్గిన టైరు అడుగు విశాలమై, బరువు ఎక్కువ చోటున పరచుకొనును. చక్రము ఇసుకను కోయక పైన నడచును. ఒంటె పాదమును చూచినవారికి ఇది సులభముగా తెలియును. చదరపు అంగుళమునకు 30 పౌనుల గాలి యున్న జీపు టైర్లను సుమారు 18 పౌనులకు తగ్గించి మేము లంకకు సుఖముగా చేరితిమి. రైతులకు ఈ విద్యను గుఱించి కొంత ఉపన్యాసము గూడ ఇచ్చితిమి.

సాయంకాలము తిరిగి తారురోడ్డు చేరిన తరువాత ఒక సంగతి స్ఫురించినది. గాలి తీయుట నేర్చితిమి గాని మరల నింపుటకు పంపు తెచ్చుకొనలేదు. గాలి తక్కువైన టైరుతో తారురోడ్డుపై వేగముగా పోయినచో దాని ప్రక్కలు మాటిమాటికి వంగి వేడెక్కి చినుగును. కావున అచ్చటనే ఆగితిమి. ఉదయము మా ఉపన్యాసము విన్న యువకుడొకడు ఊరికి పోయి సైకిలు పంపు తెచ్చెను. నాలుగు టైర్లకు సైకిలు పంపుతో గాలి కొట్టుట ఎంత పనియో కొట్టినవారికే తెలియును. చీకటి పడినది. ఆ యువకుడు ఒక్క మాటయు అనలేదు. అదియే మాకు ఎక్కువ సిగ్గయ్యెను.

పాఠము: లోనికి పోవు ఉపాయము తెలిసినంత మాత్రమున చాలదు, బయటికి వచ్చు సాధనము బండిలో నుండవలెను. ఇసుకలో గట్టిగా బ్రేకు వేయకుడు, చక్రమును చటుక్కున త్రిప్పకుడు. రెండును ముందు చక్రముల యెదుట ఇసుకను గుట్టగా పోయును.

3. దమ్ము మడిలో ట్రాక్టరు

ఇపుడు చెప్పబోవునది నవ్వదగిన కథ కాదు. ఇది చెప్పుటకే తక్కినవి చెప్పితిమి.

కృష్ణా డెల్టాలో ఒక సభ్యుని మడిలో దమ్ము చేయుచుంటిమి. నడుపువానికి జ్వరము వచ్చుటచే మేమే ట్రాక్టరు నెక్కితిమి. పొలము రైతు, "ఆ ఈశాన్యపు మూలకు పోకండి, అక్కడ పాత గుంట పూడ్చినాము" అని ముందే చెప్పెను. నీరు నిలిచిన మడిలో ఆ మూలయు తక్కిన మూలలవలెనే కనబడినది. మేము పోతిమి. దమ్ము చక్రములు గుంటలో దిగి, ట్రాక్టరు వెనుకభాగము ఇరుసువఱకు కూరుకొనిపోయెను.

గట్టుమీద జనము చేరిరి. కొందఱు యువకులు, వెనుక చక్రములు రెంటికిని అడ్డముగా ఒక దుంగను గొలుసుతో కట్టినచో అది నేలను తన్ని బండిని పైకి లేపుననిరి. ఈ యుపాయము పలుచోట్ల వాడుకలో నున్నదే. ఒక్కొక్కమారు పని చేయును గూడ. అంతమంది చూచుచుండగా "వలదు" అనుటకు మాకు నోరు రాలేదు. దుంగ కట్టిరి. మేము ఇంజను వేగము పెంచి క్లచ్ ను ఒక్కసారిగా విడిచితిమి.

దుంగ నేలకు తగిలి బిగిసెను. వెనుక చక్రములు కదలలేదు. ముందు చక్రములు మాత్రము గాలిలోనికి లేచెను. మా కన్నులయెదుట నున్న పొలము పోయి ఆకాశము కనబడినది. మా కాలు క్లచ్ పైనుండి ఇంకను తీయలేదు గనుక, భయముచే బిగిసి దానినే త్రొక్కినది. ట్రాక్టరు ముందుభాగము ధబ్బున నేలపై పడెను. గట్టుమీద ఎవరును మాటాడలేదు. ఆ రైతు తల్లి మాత్రము, "నాయనా, దిగు. ఆ ఇనుము పోతే పోనీ, దిగు" అని యేడ్చుచు పిలిచెను.

కారణము తెలిసికొనుడు. ఇంజను వెనుక ఇరుసును త్రిప్పుటకు యత్నించును. చక్రము తిరిగినచో బండి ముందునకు పోవును. చక్రము బురదలో గాని దుంగచే గాని బిగిసిపోయినచో, ఆ బలము ఊరకుండదు. చక్రము తిరుగలేనపుడు ఇరుసు చుట్టును ట్రాక్టరు శరీరమే తిరుగును. అనగా ముందుభాగము పైకి లేచి వెనుకకు పడును. లేచుట మొదలైన తరువాత పూర్తిగా తిరుగబడుటకు సుమారు ఒకటిన్నర సెకను చాలును. నడుపువాడు ఏమి జరుగుచున్నదో తెలిసికొనునంతలో వాని పైననే రెండు టన్నుల యినుము పడును. తాడును మిక్కిలి ఎత్తున కట్టి బరువు లాగినను ఇట్లే జరుగును. కావున లాగుడు తాడును ఎల్లప్పుడును వెనుక ఇరుసుకంటె క్రిందనున్న లాగుడు కమ్మికే కట్టవలెను. పై లింకునకు గాని, సీటు దగ్గఱ గాని కట్టరాదు.

ఈ ప్రమాదము క్రొత్తది కాదు. ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ అను యంత్రజ్ఞుడు నాగలిని ట్రాక్టరునకు మూడు చోట్ల బిగించు ఏర్పాటు గల ట్రాక్టరును 1936వ సంవత్సరమున అమ్మకమునకు తెచ్చెను. నేడు మన ట్రాక్టర్ల వెనుక నున్న మూడు లింకులు ఆ యేర్పాటునకు వారసులే. నాగలి రాయికి తగిలినపుడు ట్రాక్టరు ముందుభాగము లేవకుండ జేయుట ఆ యేర్పాటులోని మేలులలో నొకటి. 1959వ సంవత్సరమున స్వీడను దేశము, క్రొత్తగా అమ్మబడు ప్రతి ట్రాక్టరునకు నడుపువానిని కాపాడు గట్టి యినుప చట్రము ఉండవలెనని శాసించెను. తరువాత ఆ దేశమున ట్రాక్టరు తిరుగబడి చనిపోవువారి సంఖ్య చాల తగ్గెను. మన పొలములలో తిరుగు ట్రాక్టర్లలో చాలవానికి అట్టి చట్రము లేదు. ఎండకు వేసికొనిన రేకు పందిరి చట్రము కాదని గుర్తుంచుకొనుడు. చట్రమున్న ట్రాక్టరులో సీటు పట్టీ కట్టుకొనవలెను. చట్రము లేనిదానిలో కట్టుకొనరాదు.

మఱి ఆ దినము ట్రాక్టరు ఎట్లు బయటికి వచ్చినది? ముందు దుంగను విప్పించితిమి. మడి గట్టునకు గండి కొట్టి నీరు తీసితిమి. వెనుకనున్న పనిముట్టును ఊడదీసితిమి. చక్రముల వెనుక మట్టిని త్రవ్వి, వరిగడ్డిని, తాటి మట్టలను వేసితిమి. వచ్చిన దారిననే వెనుకకు, తక్కువ గేరులో, మెల్లగా నడుపగా బయటపడెను. వచ్చిన దారి గట్టిదని ముందే తెలిసియుండును గనుక, వెనుకకు వచ్చుటయే మొదటి యుపాయము. వెనుకకు నడుపునపుడు ముందుభాగము లేచు భయమును తక్కువ.

ఒక చక్రము జాఱుచు, రెండవ చక్రము కదలక యుండుటను మీరు చూచియుందురు. తేలికగా తిరుగగల చక్రమే తిరుగుచుండుట దానికి కారణము. డిఫరెన్షియల్ లాకు అను మీట రెండు చక్రములను ఒకటిగా కలుపును. చక్రము తిరుగుచుండగా దానిని వేయరాదు, ఆపి వేయవలెను. అది వేసియుండగా బండిని మలుపరాదు. పనికాగానే విడువవలెను.

పాఠము: నేల సంగతి నేలగల రైతునకు తెలియును, వాని మాట వినుడు. దుంగ కట్టకుడు. క్లచ్ ను చటుక్కున విడువకుడు. ముందు చక్రములు జానెడు లేచినను వెంటనే క్లచ్ త్రొక్కుడు.

4. తెగిన మోకు

మఱియొకమారు దిగబడిన జీపును ట్రాక్టరుతో లాగించితిమి. పిల్లలు వేడుక చూచుటకు మోకు ప్రక్కననే చేరిరి. ఒక పెద్దాయన వారిని దూరముగా తఱుముచుండగా, "అంత భయమేల?" అని మేమంటిమి. ఆ మాట ముగియకముందే మోకు తెగి, దాని కొన కొరడావలె వచ్చి మా జీపు దీపపు అద్దమును పగులగొట్టెను. కొంచెము ముందు ఒక పిల్లవాడు నిలిచిన చోటు అదియే. మేము ఆ పెద్దాయనకు నమస్కరించితిమి.

బిగిసిన మోకులో లాగు బలమంతయు నిలువయుండును. తెగిన క్షణమున అది ఒక్కసారిగా విడుదలగును. కొనయందు ఇనుప కొక్కెమున్నచో అది తుపాకి గుండుతో సమానము. మోకు పొడవునకు రెండింతల దూరములో ఎవరును ఉండరాదు. బిగిసిన మోకును దాటరాదు. మోకు నడుమ తడిసిన గోనె నొకటి వేసినచో, తెగినను అంత ఎగురదు. రెండు బండ్లును మెల్లగా కదలవలెను. దూరమునుండి ఉరికి గుంజరాదు.

5. విడిపోయిన బ్రేకులు

ట్రాక్టరునకు ఎడమ చక్రమున కొకటి, కుడి చక్రమున కొకటి బ్రేకు పెడలు ఉండును. పొలములో మలుపులకొఱకు వానిని వేర్వేఱుగా త్రొక్కుట కలదు. రోడ్డు ఎక్కునపుడు రెంటిని కొక్కెముతో ఒకటిగా కలుపవలెను. ఈ సంగతిని మేము ఒక గ్రామమున యువకులకు శ్రద్ధగా బోధించితిమి. మఱునాడే పొలమునుండి కాలువగట్టు రోడ్డెక్కి, కొక్కెము వేయుట మఱచితిమి. ఒక దూడ అడ్డము వచ్చెను. బ్రేకు త్రొక్కితిమి, కాలు ఒక పెడలుపైననే పడెను. ట్రాక్టరు ఆగుటకు మాఱుగా కాలువ వైపునకు తిరిగెను. గట్టు అంచుననున్న తుమ్మచెట్టు అడ్డుపడి నిలిపినది. ఎదుటి టీకొట్టు బల్లపై ముందటి దినపు శిష్యులే కూర్చుండియుండిరి. గురువునకు అంతకంటె శిక్ష యుండునా?

ఆ దినము ట్రక్కు ఖాళీగా నుండుట మా యదృష్టము. 2018వ సంవత్సరమున నల్లగొండ జిల్లాలో ఒకటి, యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒకటి, కూలిపనికి పోవు స్త్రీలతో నిండిన ట్రాక్టరు ట్రక్కులు కాలువలలో పడెను. మొదటిదానిలో 9 మంది, రెండవదానిలో 15 మంది చనిపోయిరి. వారు నాట్లకు, చేలపనులకు మనబోటివారి పొలములకు పోవువారే. మా పొరపాటును వారి మరణములకు కారణముగా మేము చెప్పుట లేదు. కాని మేమెక్కిన గట్టు వంటిదే ఆ గట్టు. మా ట్రక్కువంటిదే ఆ ట్రక్కు. ట్రక్కు ధాన్యమునకు, ఎరువునకు ఏర్పడినది, మనుష్యులకు కాదు. దానికి పట్టుకొనుటకు చోటు లేదు, బోర్లపడినపుడు కాపాడునది లేదు. మడ్ గార్డుపై కూర్చుండబెట్టుకొనుటయు అట్టిదే.

పాఠము: పొలము విడిచి రోడ్డెక్కు ముందు దిగి మూడు చూడుడు: బ్రేకుల కొక్కెము, ట్రక్కు మేకు, ట్రక్కులో మనుష్యులు లేకుండుట. గట్టు దిగునపుడు ఏ గేరులో ఎక్కుదురో ఆ గేరులోనే దిగుడు. వాలున క్లచ్ త్రొక్కి జాఱవిడువకుడు. వెనుక ట్రక్కు బరువు ముందున్నదానిని ప్రక్కకు నెట్టివేయును.

6. చప్టా మీది నీరు

వానకాలమున ఒక వాగు చప్టాపై నీరు పాఱుచుండెను. మా యెదుటనే ఒక బస్సు దాటిపోయెను. "బస్సు పోగా జీపు పోదా?" అని మేమును దిగితిమి. బస్సు ఇంజనునకు గాలి పీల్చు గొట్టము ఎత్తున నుండెను. మాది తక్కువ ఎత్తున నుండెను. వాగు నడుమ ఇంజను నీరు పీల్చి ఆగిపోయెను. ఒడ్డున నిలిచినవారు చూచుచున్నారను సిగ్గుతో మరల స్టార్టు చేయ యత్నించితిమి. గాలి నొక్కిన నొక్కబడును గాని నీరు నొక్కబడదు. లోపలి కడ్డీ వంగిపోయెను. స్టార్టు చేయకుండ నుండినచో మెకానికు నీరు తీసి సరిచేసియుండును. చేయుటచే ఇంజను విప్పవలసి వచ్చెను. ఆ ఖర్చు మా జీతములో కొన్ని నెలలు కనబడినది.

అదియు మా యదృష్టమే యనవలెను. పాఱు నీరు ఒక అడుగు లోతున్నచో చిన్న కారును తేల్చి త్రోయగలదు. రెండడుగులున్నచో చాల బండ్లను కొట్టుకొనిపోగలదు. నీటి క్రింద చప్టా తెగియున్నదో లేదో పైనుండి తెలియదు. నిలిచిన నీటినైనను ముందు కఱ్ఱతో కొలిచి, నడచి చూచి, తరువాత దింపుడు. పాఱు నీటిలో నడువనే వలదు, బండి నసలే దింపవలదు. వాగు తగ్గువఱకు ఒడ్డున కూర్చుండినవాడు ఆలస్యముగానైనను ఇల్లు చేరును.

సంఘము చేయదగిన పని

ఈ కథలన్నిటిలోను మొదటి తప్పు చిన్నదే. దిగబడుట ఎవరికైనను కలుగును. రెండవ తప్పే పెద్దది. అది సిగ్గువలన పుట్టినది. నలుగురు చూచుచున్నారని త్రొక్కితిమి, వలదన వలసినచోట ఊరకుంటిమి, ఆగవలసినచోట స్టార్టు చేసితిమి. బురద బట్టను పాడుచేయును, ఉదికిన పోవును. సిగ్గు ప్రాణము తీయవచ్చును.

కావున సభ్యులకు రెండు మనవులు.

మొదటిది: ప్రతి సంఘమును ఈ సామగ్రిని సమకూర్చి ట్రాక్టరుతోబాటు ఉంచవలెను. తగిన బలము గల లాగుడు పట్టీ యొకటి, ఇనుప కొండీలు రెండు, నాలుగడుగుల గట్టి పలకలు రెండు, జాకీ, దాని క్రింద వేయుటకు ఒక చెక్క, పార, పలుగు, గాలి పంపు, పది గోనెలు. వీనిలో సగము మీ యిండ్లలోనే యున్నవి.

రెండవది: అద్దె నియమమును సవరింపుడు. గంటల లెక్కన అద్దె యగుటచే, దిగబడిన ప్రతి నిమిషము రైతునకు ఖర్చు, నడుపువానికి మాట. అందుచేత వాడు తొందరపడి దుంగ కట్టును. నడుపువాడు బండి నాపి, దిగి, సహాయమునకు కబురు పంపిన క్షణమునుండి అద్దె లెక్కింపరాదని, దిగబడినందుకు వానిని నిందింపరాదని సంఘము తీర్మానింపవలెను. దానివలన సంఘమునకు సంవత్సరమున కొన్ని గంటల అద్దె నష్టము కలుగవచ్చును. ఆ నష్టమును అందఱము పంచుకొందుము గనుకనే మనది సహకార సంఘము.

వచ్చు సమావేశమున ఈ తీర్మానమును ప్రతిపాదింప నొక సభ్యుడు ముందునకు రావలెనని కోరుచున్నాము. మీమీ దిగబాట్లను గూడ వ్రాసి పంపుడు. పేర్లు లేకుండ ప్రకటింపవచ్చును. విత్తనశుద్ధిని గుఱించి వచ్చు మాసము వ్రాయుదుము. అంతవఱకు ఆ రేగడి పల్లె వృద్ధుని మాట జ్ఞాపకముంచుకొనుడు: చక్రము జాఱినపుడు ముందు దిగుడు.